పొంగడం వేరు, పొర్లడం వేరు

మా పక్కింటి పాప ఏడో తరగతి చదువుతోంది. మొన్న వాళ్ళమ్మ పాలు పొయ్యి మీద పెట్టి, "కాస్త చూస్తుండు, పొంగనివ్వకు" అని పెరట్లోకి వెళ్ళిందట. పాప చూస్తూనే ఉంది, పాలు పొంగిపోయాయి. తిట్లు తిన్నాక నా దగ్గరికొచ్చి అడిగింది: "అంకుల్, పాలు పొంగుతాయి, నీళ్ళు పొంగవు కదా. మరి గోదావరి పొంగింది అంటారేంటి? అందులో ఉన్నవి నీళ్ళే కదా?"

ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో నాకెందుకు తట్టలేదో! 

ముందు పాల సంగతి. పుస్తకాల్లో సాధారణంగా ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు: పాల మీద మీగడ తెర కట్టి ఆవిరిని ఆపుతుంది, అందుకే పొంగుతాయి అని. అది సగం నిజమే. గరిటెతో తిప్పుతూ తెర కట్టకుండా చూసినా, తిప్పడం ఆపి మంట పెద్దది చేస్తే పాలు పొంగుతాయి. అసలు పని జరిగేది ఒక్కో బుడగ గోడలో. నీళ్ళు మరిగినప్పుడు ఆవిరి బుడగ పైకి రాగానే పగిలిపోతుంది, దాని గోడని పట్టి ఉంచేది ఏదీ లేదు కాబట్టి. పాలలో ప్రోటీన్లున్నాయి. మామూలుగా ఉండచుట్టుకుని ఉండే బీటా-లాక్టోగ్లోబ్యులిన్ లాంటివి 70 డిగ్రీలు దాటాక విచ్చుకుంటాయి. వాటిలో నీళ్ళంటే పడని భాగాలు ఆవిరి వైపుకి, నీళ్ళంటే ఇష్టమైన భాగాలు పాల వైపుకి తిరిగి, పక్కపక్క అణువులు పట్టుకుని బుడగ చుట్టూ వల అల్లేస్తాయి. వల సాగుతుంది కానీ వెంటనే తెగదు. బుడగలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. నమ్మకం లేకపోతే నీళ్ళలో కాస్త మైదా కలిపి మరిగించి చూడండి. అక్కడ పిండి ఆ పని చేస్తుంది. అన్నం గంజి పొంగేదీ ఇలాగే.

ఇక నాకు భలే ఇష్టమైన లెక్క. రెండు లీటర్ల గిన్నెలో లీటరు పాలు పోశాం. పాలు అంచు దాటాలంటే పైనున్న లీటరు జాగా నురగతో నిండాలి. ఆ నురగలో దాదాపు అంతా ఆవిరే. 100 డిగ్రీల దగ్గర లీటరు ఆవిరి బరువు సుమారు 0.6 గ్రాములు, అంటే పన్నెండు చుక్కల నీళ్ళు! లీటరు పాలలో దాదాపు 900 గ్రాముల నీళ్ళుంటే, అందులో పన్నెండు చుక్కలు ఆవిరైతే చాలు, పొయ్యంతా పాలమయం.

మరి ఎంతసేపు పడుతుంది? మంటలోంచి సెకనుకి 1,000 జౌళ్ళ వేడి పాలకి చేరుతోందనుకుందాం. 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి సుమారు 2,80,000 జౌళ్ళు కావాలి. అంటే 4 నిమిషాల 40 సెకన్లు. పన్నెండు చుక్కలని ఆవిరి చేయడానికి కావలసింది 1,350 జౌళ్ళు, అంటే సెకనున్నర కూడా కాదు. కొంత ఆవిరి తప్పించుకుపోతుంది కాబట్టి మూడు నాలుగు సెకన్లు వేసుకోండి. దాదాపు ఐదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉండి, ఒక్క తుమ్ము తుమ్మేలోపు మొత్తం అయిపోతుంది. పాపం, పాప తప్పేమీ లేదని వాళ్ళమ్మకి ఈ లెక్కంతా వేసి చూపించాను. ఆవిడ ఒప్పుకోలేదనుకోండి.

చెంచాడు చన్నీళ్ళు చల్లితే పొంగు చప్పున దిగేదీ ఈ లెక్క వల్లే. ఆవిరి చల్లబడి మళ్ళీ నీరైతే, లీటరు నురగ పన్నెండు చుక్కలకి తగ్గిపోతుంది. గృహప్రవేశంలో పాలు ఏ దిక్కుకి పొంగితే మంచిదో చెప్పే పెద్దలుంటారు. పాలు పొర్లేది గిన్నె ఎటు ఒరిగితే అటు, మంట ఎటు ఎక్కువుంటే అటు. కావలసిన దిక్కుకి ఎదురువైపు గిన్నెని కాస్త ఎత్తి పెడితే శుభం మన చేతిలోనే ఉంటుంది.

గమనించండి, పాలు పొంగినప్పుడు గిన్నెలో పాలు ఒక్క చెంచా కూడా పెరగలేదు. పూరీ పొంగినా, రాత్రికి రాత్రి ఇడ్లీపిండి పొంగినా అంతే. లోపల వాయువు చిక్కుకుంది, సరుకు మాత్రం పాతదే. "పొగిడితే పొంగిపోతాడు" అన్న మాట ఎంత కచ్చితమైనదో చూడండి. మనిషిలో కొత్తగా చేరిందేమీ లేదు. పాలపొంగు కోపమూ అంతే, మంట తగ్గిస్తే దిగిపోతుంది.

గోదావరిలో ఆవిరి లేదు, నురగ వల్ల మట్టం లేవదు. పైనుంచి వచ్చే నీరు ఎక్కువ, కిందికి పోగలిగేది తక్కువ, తేడా అంతా మట్టం రూపంలో పైకి లేస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నది 75.6 అడుగులకి చేరింది, 2022 జూలైలో 71 దాటింది. ఇక్కడ సరుకే పెరిగింది. అయినా మన భాష రెంటికీ ఒకే మాట వాడింది. కారణంతో దానికి పనిలేదు, కంటికి మట్టం పైకి లేస్తోందా లేదా అన్నదే చూసింది. పాపకి నేనిచ్చిన జవాబు ఇదే.

కానీ "పొంగి పొర్లింది" అంటాం చూశారా, అక్కడ భాష చాలా జాగ్రత్త పడింది. పొంగడం లేవడం, పొర్లడం అంచు దాటడం. 47 అడుగుల నది పొంగిందే కానీ గట్టు దాటకపోతే పొర్లలేదు. అంచు దాటి పరుచుకుంటే అది వెల్లువ. అభినందనలు వెల్లువెత్తుతాయి, ఫిర్యాదులు వెల్లువెత్తుతాయి. నలుదిక్కుల నుంచీ నిజంగా వచ్చిపడేవి కాబట్టి "ఫిర్యాదులు పొంగాయి" అని ఎవరూ అనరు. మన వెల్లువకి చుట్టమైన వెళ్ళం తమిళంలో వరద, మలయాళంలో మాత్రం ఉత్త మంచినీళ్ళు! అక్కడ హోటల్లో వెళ్ళం అడిగితే గ్లాసే వస్తుంది.

చెరువులకైతే పొర్లడానికి ఒక చోటు కట్టి పెట్టారు. కోస్తాలో అలుగు అంటారు, తెలంగాణలో మత్తడి, సీమలో మరవ. దాని మీదుగా పోయే నీరు, పైనున్న నీటి ఎత్తుకి ఒకటిన్నర ఘాతం చొప్పున (అంటే ఎత్తుని దాని వర్గమూలంతో గుణించినట్టు) పెరుగుతుంది. వంద అడుగుల పొడవున్న అలుగు మీద ఒక అడుగు నీరుంటే సుమారు 300 క్యూసెక్కులు పోతాయి, నాలుగు అడుగులుంటే నాలుగు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు, 2,400. చెరువు ఎంత పొంగితే అలుగు అంతకు మించి బయటికి తోసేస్తుంది.

అదే నీరు అలుగు తప్పించి మట్టికట్ట మీదుగా పొర్లితే ఇదే సూత్రం తిరగబడుతుంది. నీరు కట్ట అవతలి వాలుని కోస్తుంది, కోత లోతవుతుంది, లోతైన కోతలో నీటి ఎత్తు పెరుగుతుంది, ఒకటిన్నర ఘాతంతో ప్రవాహం పెరుగుతుంది, అది ఇంకా వేగంగా కోస్తుంది. గండి పడుతుంది. "ఆగ్రహం కట్టలు తెంచుకుంది" అని పేపర్లో రాసేది ఈ గండి గురించే. పాలపొంగు కోపంతో దీనికి పోలిక లేదు. గండి పూడ్చాలంటే ఇసుక బస్తాలు, మట్టి, రాళ్ళు, రెండు మూడు రోజుల పని కావాలి. చెంచాడు చన్నీళ్ళు చల్లితే దిగేది కాదది.