బెల్టు కిందికి జారిన కథ

మన మగవాళ్లలో చాలామందికి పదేళ్లయినా ప్యాంటు సైజు మారదు. బెల్టు పెట్టుకునే చోటు మాత్రం మారుతుంది. బొజ్జ పెరిగేకొద్దీ బెల్టు దాని కిందికి జారిపోతుంది, పైనున్నది లెక్కలోకి రాదు. బొజ్జ, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వుల తేడాలు కలిసికట్టుగా వచ్చే మెటబాలిక్ సిండ్రోమ్ విషయంలో వైద్యశాస్త్రం కూడా మనవాళ్లను చాలాకాలం ఇలాగే కొలిచింది.

1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ ఒక మాట చెప్పారు. బీపీ, షుగరు, రక్తంలో కొవ్వుల తేడాలు విడివిడి జబ్బులు కావని, ఇన్సులిన్ మాటను ఒళ్లు వినకపోవడమే వాటి మూలమని. ఇప్పుడు మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్న ఆ గుంపుకు అప్పుడు ‘సిండ్రోమ్ ఎక్స్’ అని పేరు పెట్టారు. ఆయన జాబితాలో బొజ్జ లేదు! 2001 నాటి అమెరికా నిర్వచనంలో నడుము కొలత ఉంది గానీ, హద్దు మగవారికి 102 సెంటీమీటర్లు, ఆడవారికి 88. ఆ టేపుతో కొలిస్తే మనవాళ్లు చాలామంది ఆరోగ్యవంతులే.

లండన్‌లో స్థిరపడ్డ దక్షిణాసియా వాసుల్లో పొట్ట దగ్గర కొవ్వు, మధుమేహం ఎక్కువని 1991లోనే పరిశోధకులు చూపించారు. అసలు గుట్టు విప్పింది మాత్రం పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్. 2004లో ఆయన, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పాఠ్యపుస్తకం మొత్తం చెప్పలేనిది ఆ ఒక్క ఫొటో చెప్పింది.

ఈ తేడా పుట్టుకతోనే ఉంది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 3.5. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లికి గర్భంతో ఉన్నప్పుడు సరైన పోషణ అందకపోవడం ఇందుకు కారణమని యాజ్ఞిక్ వాదన. అలా పుట్టినవాళ్లే పెద్దయ్యాక మూడు పూటలా అన్నం తిని, కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో చేరితే ఏమవుతుందో మన ఇళ్లలోనే చూస్తున్నాం.

2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దక్షిణాసియా వాసులకు నడుము హద్దును మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లకు దించింది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో బీఎంఐ లెక్కన స్థూలకాయులు 28.6 శాతం. టేపు పెట్టి నడుము కొలిస్తే 39.5 శాతం.