ఉజ్బెక్ భాషకు లిపి ఎందుకు కుదురుకోలేదు?

ఉజ్బెక్ భాషను సిరిలిక్ లిపి (రష్యన్ రాసే అక్షరాలు) నుంచి లాటిన్ లిపికి (ఇంగ్లిష్ రాసే అక్షరాలు) మార్చాలని ఉజ్బెకిస్తాన్ 1993 సెప్టెంబరులో చట్టం చేసింది. 2000 నాటికి పూర్తి కావలసిన ఆ పనికి గడువు 2005కు, ఆపైన 2010కి జరిగింది. 2021లో మరోసారి 2023 జనవరి 1ని గడువుగా పెట్టుకున్నారు. అదీ దాటిపోయింది. బడిపిల్లలు లాటిన్‌లో చదువుకుంటున్నారు, వారి పెద్దలకు మాత్రం సిరిలిక్కే చేతికి వచ్చిన లిపి. దీన్ని ప్రభుత్వ అలసత్వంగా చూడటం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే వందేళ్లలో ఈ ప్రజలు అక్షరాలు దిద్దడం మొదటినుంచి మొదలుపెట్టవలసి రావడం ఇది మొదటిసారి కాదు.

అసలు ‘ఉజ్బెక్’ అనే పేరు, నేటి ఉజ్బెక్ భాష ఒకే మూలం నుంచి వచ్చినవి కావు. 14వ శతాబ్దంలో స్వర్ణదళం (గోల్డెన్ హోర్డ్) అనే మంగోల్ రాజ్యాన్ని ఏలిన ఉజ్బెక్ ఖాన్ నుంచి ఆ పేరు వచ్చిందని చాలామంది భావిస్తారు. 1500 ప్రాంతంలో షైబానీ ఖాన్ నాయకత్వంలో ఉత్తరపు గడ్డిమైదానాల నుంచి దిగివచ్చి సమర్ఖండ్‌ను పట్టుకున్న తెగలను ఉజ్బెక్‌లు అన్నారు. వారి చేతిలో ఓడి కాబూల్‌కు, చివరికి మన దేశానికి వచ్చినవాడు అందిజాన్‌లో పుట్టిన బాబర్. అయితే బాబర్ తన జ్ఞాపకాలు రాసుకున్న చగతాయ్ తుర్కీ భాషే నేటి ఉజ్బెక్‌కు మాతృక. ఆ భాషకు పారశీకంతో సమానమైన గౌరవం కావాలని వాదించిన కవి అలీషేర్ నవాయి (1441–1501) జీవితంలో ఎక్కువ భాగం గడిపింది నేటి అఫ్గానిస్తాన్‌లోని హేరాత్‌లో. ఆయనను నేడు ఉజ్బెక్ సాహిత్యానికి ఆద్యుడిగా కొలుస్తారు. బాబర్, నవాయి ఇద్దరూ రాసింది అరబ్బీ లిపిలోనే.

రష్యా సైన్యం 1865లో తాష్కెంట్‌ను, 1868లో సమర్ఖండ్‌ను ఆక్రమించింది. 1924లో సోవియట్ పాలకులు మధ్య ఆసియాను జాతుల పేరిట విభజించినప్పుడు ఉజ్బెక్ గణతంత్రం ఏర్పడింది. తాజిక్ భాష మాట్లాడేవారు పెద్దసంఖ్యలో ఉన్న సమర్ఖండ్, బుఖారా నగరాలు అందులోకే వచ్చాయి. మొదట సమర్ఖండ్ రాజధానిగా ఉండగా, 1930లో ఆ హోదా తాష్కెంట్‌కు మారింది.

సరిగ్గా ఈ ఏళ్లలోనే లిపి మారింది. 1920ల చివర అరబ్బీ స్థానంలో లాటిన్ వచ్చింది. అక్షరాస్యత పెంచడం ఒక ఉద్దేశమైతే, మత విద్య పట్టును సడలించడం మరొకటి. తొలి లాటిన్ వర్ణమాలలో తొమ్మిది అచ్చులు ఉండేవి; 1934లో వాటిని ఆరుకు కుదించి, తాష్కెంట్ వంటి నగరాల పలుకుబడిని ప్రామాణికం చేశారు. పల్లెల మాండలికాల్లోని అచ్చుల పొందిక, అంటే ఒక పదంలోని అచ్చులు ఒకదానికొకటి అనుగుణంగా ఉండే తీరు, రాతలో కనబడకుండా పోయింది. లిపి మార్పు కంటే ఇదే పెద్ద నష్టమని నాకు అనిపిస్తుంది. లాటిన్‌కు చేయి అలవాటు పడేలోపే, 1940లో సిరిలిక్ వచ్చింది. ఈ రెండు మార్పుల నడుమ, 1938 అక్టోబరు 4న, ఆధునిక ఉజ్బెక్ సాహిత్యానికి పునాది వేసిన ఫిత్రత్, అబ్దుల్లా ఖాదిరి, చోల్పాన్ ముగ్గురినీ ఒకే రోజు కాల్చి చంపారు. భాషకు ఏ లిపి, ఏ పలుకుబడి తగినవో సాధికారంగా చర్చించగల గొంతులు అలా మూగబోయాయి.

మనకు తాష్కెంట్ అంటే లాల్ బహదూర్ శాస్త్రి గుర్తుకొస్తారు. 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో ఒప్పందంపై సంతకం చేసిన ఆయన, మర్నాడు తెల్లవారకముందే అక్కడ కన్నుమూశారు. మూడు నెలలకు, ఏప్రిల్ 26న, భూకంపం ఆ నగరంలో లక్షల మందిని నిరాశ్రయులను చేసింది. పునర్నిర్మాణానికి సోవియట్ గణతంత్రాలన్నింటి నుంచి పనివాళ్లు వచ్చారు, చాలామంది అక్కడే స్థిరపడ్డారు. మట్టి ఇళ్ల పాత మహల్లాలు పోయి విశాలమైన వీధులు, 1977లో మెట్రో వచ్చాయి. రాజధాని వ్యవహారమంతా ఎక్కువగా రష్యన్‌లో సాగుతున్న ఆ కాలంలో సిరిలిక్ మరింత వేళ్లూనింది. ఉజ్బెక్‌ను రాజ్యభాషగా ప్రకటించే చట్టం 1989 అక్టోబరులో గానీ రాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఎంచుకున్న లాటిన్ లిపి కూడా 1930ల నాటిది కాదు. 1993లో ఖరారు చేసిన వర్ణమాలను 1995లోనే సవరించి, ప్రత్యేక అక్షరాలకు బదులు కొన్నిచోట్ల రెండక్షరాల జంటలను, కొన్నిచోట్ల అక్షరం పక్కన పైకామాలాంటి గుర్తును పెట్టారు. ఆ గుర్తులను తీసేసి ఒక్కో ధ్వనికి ఒక్కో అక్షరం ఉంచాలన్న ప్రతిపాదనలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మళ్లీ మారుతుందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు, అర్ధశతాబ్దానికి పైగా సిరిలిక్‌లో అచ్చయిన సాహిత్యాన్ని కొత్త లిపిలోకి తెచ్చే ఖర్చుకు ప్రచురణకర్తలు వెనుకాడటంలో ఆశ్చర్యం లేదు.

ఆము దర్యా నదికి ఆవల, ఉత్తర అఫ్గానిస్తాన్‌లో ఉన్న ఉజ్బెక్‌లు సోవియట్ పాలనలో లేరు కాబట్టి నేటికీ అరబ్బీ లిపిలోనే రాస్తారు. నదికి ఈవల ఉజ్బెకిస్తాన్ పట్టణమైన టెర్మెజ్‌లో ఉన్న బంధువుతో వారు హాయిగా మాట్లాడగలరు, కానీ వారు రాసిన ఉత్తరం అతడు చదవలేడు.