షార్ట్ ఫిల్మ్‌కి ఏ లెన్స్? కొన్ని అపోహలు, వాస్తవాలు

కెమెరా పని చేసేవాళ్లని కొత్త దర్శకులు ముందుగా అడిగేది "1.8 లెన్స్ ఉందా?" అనే. అంటే అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/1.8 దాకా తెరుచుకునే లెన్స్; ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది, బ్లర్ ఎక్కువ. గది ఎంత ఉంది, ఫోకస్ ఎవరు పుల్ చేస్తారు (షాట్ నడుస్తుండగా రింగ్ తిప్పి ఫోకస్ మార్చడం) అనే మాట తర్వాతెప్పుడో వస్తుంది. నిజానికి ఆ రెండూ తేలాకే లెన్స్ సంగతి.

అపోహ: వెనకంతా బ్లర్ అయితేనే సినిమా లుక్.

వాస్తవం: ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 50 ఎంఎం లెన్స్ పెట్టి, ఎఫ్/1.8లో మీటరు దూరాన ఉన్న నటుడిని తీస్తే ఫోకస్‌లో ఉండేది సుమారు 4 సెంటీమీటర్లే. కన్ను షార్ప్‌గా ఉంటే చెవి ఉండదు. డైలాగ్ చెబుతూ కాస్త ముందుకు వంగాడా, టేక్ పోయినట్టే. కెమెరా మీది చిన్న స్క్రీన్‌లో ఇది తెలియదు, ఎడిటింగ్‌లో కూర్చున్నాక తెలుస్తుంది. ఫోకస్ పుల్లర్ లేని యూనిట్‌కి ఎఫ్/4 నయం. బ్లర్ కావాలంటే నటుడిని గోడకి దూరంగా జరపండి, పైసా ఖర్చు లేదు. అయినా ఆర్ట్ వాళ్లు కష్టపడి సర్దిన గదిని కనిపించకుండా చేయడమెందుకో!

అపోహ: ఒక్క 50 ఎంఎం ఉంటే చాలు.

వాస్తవం: ఏపీఎస్-సి (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న) సెన్సర్‌ మీద అది ఫుల్ ఫ్రేమ్ మీద 75-80 ఎంఎం ఇచ్చే ఫ్రేమే ఇస్తుంది. చిన్న గదిలో వీపు గోడకి ఆనించినా ఇద్దరు మనుషులు సరిగ్గా పట్టరు. ముందే కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్‌తో లొకేషన్‌కి వెళ్లండి. నటులు ఉండాల్సిన చోట ఎవరినైనా నిలబెట్టి, ఫ్రేమ్ కుదిరినప్పుడు జూమ్ రింగ్ మీద అంకె చూడండి. ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) ఆ అంకెకి దగ్గరలో ఉండాలి. చాలాసార్లు అది 24కో 28కో వస్తుంది.

అపోహ: కిట్ లెన్స్ పనికిరాదు.

వాస్తవం: వెలుతురుంటే హాయిగా పనికొస్తుంది. షాట్ మధ్యలో మాత్రం జూమ్ ముట్టుకోవద్దు. 3.5-5.6 అని రాసున్న లెన్సుల్లో జూమ్ చేసేకొద్దీ అపర్చర్ తగ్గి ఫ్రేమ్ చీకటవుతుంది.

అపోహ: పాత మాన్యువల్ లెన్సులు నాసిరకం.

వాస్తవం: ఫోకస్ పుల్ చేయడానికి చాలాసార్లు అవే మేలు. కొత్త ఆటోఫోకస్ లెన్సులు చాలావాటిలో రింగ్ కేవలం మోటారుకి సిగ్నల్ ఇస్తుంది. ఎంత వేగంగా తిప్పామన్నదాన్ని బట్టి ఫోకస్ జరుగుతుంది కాబట్టి, రింగ్‌కి అంటించిన టేపు మీద పెట్టుకున్న మార్క్ రెండో టేక్‌కి కలవదు. పాతవాటిలో మార్క్ కదలదు. కొనేముందు లోపలికి టార్చ్ కొట్టి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి.

అపోహ: ఫాస్ట్ లెన్స్ (1.8 లాంటిది) ఉంటే ఎక్కడైనా తీసేయొచ్చు.

వాస్తవం: ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, షటర్ 1/50 పెడితే మిట్టమధ్యాహ్నపు ఎండ ఎఫ్/22 అడుగుతుంది. ఎఫ్/2.8లో తీయాలంటే ఆరు స్టాపుల వెలుతురు కోయాలి (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది), అంటే ఎన్‌డీ 64 ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే నల్లటి అద్దం). దాన్ని మీ లెన్సుల్లో పెద్ద ముఖం ఉన్నదాని సైజుకి ఒక్కటే కొని, మిగతావాటికి స్టెప్-అప్ రింగులు వాడుకోండి.