డోనా సమ్మర్ పాటల మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: డిస్కో (1970ల డ్యాన్స్ సంగీతం) గాయని డోనా సమ్మర్‌ది గుసగుసల గొంతే, పాడే సత్తా లేదు.

వాస్తవం: 1975లో వచ్చిన ‘లవ్ టు లవ్ యూ బేబీ’ తెచ్చిన పేరిది. ఎల్పీలో ఒక వైపంతా, దాదాపు 17 నిమిషాలు, ఆ ఒక్క పాటే. కానీ ఆ పల్చటి గొంతు ఆ పాట కోసం ఎంచుకున్నది. బోస్టన్ చర్చిలో పాడుతూ పెరిగిన మనిషి, 1968లో ‘హెయిర్’ నాటకం కోసం మ్యూనిక్ వెళ్లి జర్మన్‌లో పాడింది. నిండు గొంతు కావాలంటే 1978 నాటి ‘మ్యాక్‌ఆర్థర్ పార్క్’ వినండి. నెమ్మదిగా మొదలయ్యే ఆ పాటలో, తాళం అందుకున్నాక గొంతు ఎలా విప్పిందో చూడండి.

అపోహ: 1979 జులై 12న చికాగో కొమిస్కీ పార్కు స్టేడియంలో డిస్కో నచ్చనివాళ్లు ఆ రికార్డులు పేల్చేయడంతో ఆమె పనైపోయింది.

వాస్తవం: అదే నెలలో ‘బ్యాడ్ గర్ల్స్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ పాట రాసినవాళ్లలో ఆమె కూడా ఉంది. ‘హాట్ స్టఫ్’కు గ్రామీ వచ్చింది రాక్ గానం విభాగంలో!

అపోహ: ‘ఐ ఫీల్ లవ్’ అంతా మెషీనే వాయించేసింది.

వాస్తవం: 1977లో నిర్మాతలు జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ చేసిన ఈ పాటలో మోగ్ సింథసైజర్ (కరెంటుతో ధ్వనులు పుట్టించే వాద్యం) శ్రుతి నిలిచేది కాదు. కొన్ని సెకన్లు రికార్డు చేయడం, ఆపి శ్రుతి చేయడం, మళ్లీ అక్కడి నుంచి అందుకోవడం. కిక్ డ్రమ్‌కు కావలసిన దెబ్బ మోగ్‌లో రాకపోతే డ్రమ్మర్ కీత్ ఫోర్సీ స్వయంగా కాలితో వాయించాడు, పాట పొడుగునా.

ఇక ఆ పాటలో పరుగెత్తే బేస్, అంటే అడుగున నడిచే లోతైన స్వరాల వరుస. ఎడమవైపు అసలు లైను, కుడివైపు దాని డిలే, అంటే కాస్త ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని. ఒక్క ఇయర్‌ఫోన్‌తో వింటే పరుగు సగమే దొరుకుతుంది.

మీరు అలాంటిది చేయాలంటే బీట్‌కు రెండు స్వరాలే వాయించండి. డిలే ఎంతో తేలాలంటే 60,000ను బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో) భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 4తో భాగించండి. 125 బీపీఎంకు డిలే 120 మిల్లీసెకన్లు. ఫీడ్‌బ్యాక్ సున్నా, అంటే ప్రతిధ్వని ఒక్కసారే. కుడివైపు డిలే పూర్తిగా వెట్, అంటే అసలు స్వరం కలవకుండా ప్రతిధ్వని మాత్రమే. బీట్‌కు నాలుగు స్వరాలు వాయిస్తే డిలే సరిగ్గా తర్వాతి స్వరం మీదే పడి అంతా ముద్దయిపోతుంది. ఫంక్షన్ హాలు స్పీకర్లు మోనోలో (కుడి ఎడమలు కలిపి ఒకే ధ్వనిగా) ఉంటే స్వరాలన్నీ వినిపిస్తాయి గానీ అటూ ఇటూ ఊగడం పోతుంది. అందుకే మిక్స్ ముగించే ముందు మోనో బటన్ నొక్కి ఒకసారి వినండి.