పేజీ రాలేదని రీసెట్ నొక్కకండి: రౌటర్ మీద అపోహలు - వాస్తవాలు

ఫోన్ ఎత్తగానే నేను అడిగే మొదటి మాట, "రీసెట్ ఏమైనా నొక్కారా అండీ?" అవతల ఒక్క క్షణం చప్పుడుండదు. తర్వాత నెమ్మదిగా, "నొక్కామండీ, వీడియోలో అలాగే చెప్పారు" అంటారు. పాపం, వాళ్లను అనడానికేం లేదు. వైఫై పాస్‌వర్డ్ మార్చుకుందామనో, ఎన్ని ఫోన్లు కనెక్ట్ అయి ఉన్నాయో చూద్దామనో బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగుల పేజీ తెరవబోయారు. అది తెరుచుకోలేదు. పిన్నీసు తెచ్చి వెనకాల బెజ్జంలో గుచ్చారు. అప్పటిదాకా నడుస్తున్న నెట్ కాస్తా పోయింది.

గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణం, దాని చుట్టూ ఉన్న ఊళ్లు నా పరిధి. పదకొండేళ్లుగా ఫైబర్ కనెక్షన్లు చూస్తున్నాను. ఈ పిన్నీసు కేసు రాని వారం ఉండదు.

అపోహ: పేజీ తెరుచుకోకపోతే రీసెట్ కొట్టాలి

జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేస్తే అది రీస్టార్ట్. దాంతో ఏ సెట్టింగూ పోదు. బెజ్జంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కిపట్టుకుంటే అది రీసెట్. బాక్స్ ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. మీరు పెట్టుకున్న వైఫై పేరు, పాస్‌వర్డ్ పోతాయి. అది చిన్న విషయం, మళ్లీ పెట్టుకోవచ్చు. అసలు నష్టం పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు పోవడం. ఇది ఫలానా ఇంటి కనెక్షన్ అని ఆపరేటర్ సర్వర్ గుర్తుపట్టేది వాటితోనే. అవి లేకపోతే ఫైబర్‌లో సిగ్నల్ బాగానే ఉంటుంది, ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు. ఏమీ పాడవలేదు కదా, ఎందుకు రావట్లేదని ఇంట్లోవాళ్లకు పిచ్చెక్కిపోతుంది.

"మా పక్కింటాయన రీసెట్ చేస్తే రెండు నిమిషాల్లో అంతా వచ్చేసిందండీ" అని చాలామంది అంటారు. ఆయన అబద్ధం చెప్పలేదు. పెద్ద కంపెనీలు ఇచ్చే కొన్ని బాక్సులు టీఆర్-069 అనే పద్ధతిలో కంపెనీ సర్వర్‌ను అడిగి సెట్టింగులన్నీ వాటంతట అవే తెచ్చుకుంటాయి. 2004 నుంచీ ఉన్న పద్ధతే ఇది. లోకల్ కేబుల్ ఆపరేటర్లు ఇచ్చిన కనెక్షన్లలో నేను చూసినవాటిలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. మనిషి వచ్చి చేత్తో కొట్టాల్సిందే. పక్కింటి బాక్స్ వేరు, మీ బాక్స్ వేరు. ఈ తేడా చెప్పకుండా "రీసెట్ కొడితే చాలు ఫ్రెండ్స్" అని వీడియోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకు వ్యూస్ వస్తాయి, ఇక్కడ ఒక ఇంట్లో రెండు రోజులు నెట్ ఉండదు.

ఒక సంగతి చెబుతాను. మా పట్టణంలో ఒక లెక్కల మాస్టారున్నారు, రిటైరయ్యారు. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మనవరాలికి ఎంసెట్ కౌన్సెలింగ్ జరుగుతోంది. మనవాళ్లం ఇంకా ఎంసెట్ అనే అంటాం, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. వెబ్ ఆప్షన్లకు అదే ఆఖరి రోజు. పొద్దున్నుంచి నెట్ కాస్త నెమ్మదిగా ఉంది, ఎవరో మన వైఫై వాడుతున్నారని మాస్టారికి అనుమానం వచ్చింది. పాస్‌వర్డ్ మారుద్దామని అబ్బాయికి వీడియో కాల్ చేశారు. అతను బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టమన్నాడు. రాలేదు. మళ్లీ కొట్టారు, రాలేదు. "రీసెట్ చేసేయండి నాన్నా" అన్నాడు. చేశారు. వీడియో కాల్ అక్కడికక్కడే కట్ అయిపోయింది.

నాకు ఫోన్ వచ్చేసరికి సాయంత్రం ఆరైంది. నేను కాలవ అవతల ఊళ్లో స్తంభం మీద ఉన్నాను. మాస్టారి గొంతు వణుకుతోంది. "పిల్ల ఆప్షన్లు పెట్టుకోలేదయ్యా, ఏం చేయాలి?" అన్నారు. "ముందు మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌కి ఇవ్వండి మాస్టారూ. పాప ఆప్షన్లు పెట్టేసుకోనివ్వండి. రౌటర్ సంగతి నేనొచ్చాక చూద్దాం" అన్నాను. టెన్షన్‌లో ఇంట్లో నలుగురికీ హాట్‌స్పాట్ మాటే తట్టలేదు.

ఎనిమిదిన్నరకు వెళ్లాను. పాప అప్పటికే ఆప్షన్లు ఫ్రీజ్ చేసేసింది. కాలేజీ కోడ్‌లు రాసుకున్న కాగితం టీవీ బల్ల మీద ఉంది, దాని పక్కనే పిన్నీసు. బాక్స్ మీద పవర్ లైటు, ఫైబర్ సిగ్నల్ చూపించే పాన్ (PON) లైటు పచ్చగా ఉన్నాయి. ఇంటర్నెట్ లైటు వెలగట్లేదు. మాస్టారి ఫోన్ అడిగి తీసుకుని వైఫై వివరాల్లో గేట్‌వే, అంటే ఆ ఇంటి రౌటర్ నంబరు, చూపించాను. 192.168.100.1 అని ఉంది. డల్లాస్‌లో అబ్బాయి చెప్పింది వాళ్లింటి రౌటర్ నంబరు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ అంకెలు రెండుసార్లు చదివారు. "అంటే నేను రీసెట్ చేశాక కూడా వేరే నంబరే కొడుతున్నానా?" అన్నారు. అవును. రీసెట్ చేసినా ఆ పేజీ రాలేదు, ఎందుకంటే ఆ నంబరులో ఆ ఇంట్లో ఏమీ లేదు. ఉన్న నెట్ పోయింది, కావలసిన పేజీ రాలేదు.

ఆఫీసుకు ఫోన్ చేసి వాళ్ల యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ తెలుసుకుని కొట్టాను. నాలుగు నిమిషాల పని. దానికోసం ఆ ఇల్లు రెండున్నర గంటలు ఊపిరి బిగబట్టి కూర్చుంది.

అపోహ: 192.168.1.1 అందరికీ ఒకటే

కాదు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి కేటాయించిన నంబర్లు. 1996లోనే ఆ ఏర్పాటు చేశారు. వాటిలో ఏది పెట్టాలన్నది బాక్స్ తయారుచేసినవాళ్ల ఇష్టం. కొన్నింటికి 192.168.0.1, హువావే ఫైబర్ బాక్సుల్లో చాలావాటికి 192.168.100.1, జియోఫైబర్‌కి 192.168.29.1. ఊహించాల్సిన పని లేదు, మీ ఫోనే చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి, కనెక్ట్ అయిన పేరు పక్కనున్న గుర్తు నొక్కితే గేట్‌వే అని ఉంటుంది. ఐఫోన్‌లో అక్కడే రౌటర్ అని ఉంటుంది. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిషులో, మధ్యలో ఖాళీ లేకుండా కొడితే డిఫాల్ట్ గేట్‌వే కనిపిస్తుంది. అదే మీ రౌటర్ పేజీ నంబరు. అక్కడ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం రౌటర్ మీ కంప్యూటర్‌కు ఏ నంబరూ ఇవ్వలేదని అర్థం. వైర్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, రౌటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి.

కొట్టేటప్పుడు ఒకటి అంకె బదులు ఇంగ్లిషు ఎల్, సున్నా బదులు ఓ పడుతుంటాయి. ఒక ఇంట్లో చూశాను, ఎవరో కాగితం మీద రాసిచ్చిన ఒకటి అచ్చం ఎల్‌లాగే ఉంది, వాళ్లు దాన్నే కొడుతున్నారు. అలా అంకె బదులు అక్షరం పడితే బ్రౌజర్ దాన్ని గూగుల్‌లో వెతుకుతుంది.

అపోహ: వెతికితే వచ్చిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేస్తే వాళ్లే చేసిపెడతారు

ఇది చదివేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి. రౌటర్ పేజీ కోసం వెతికితే వచ్చే సైట్లలో కొన్ని దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చుంటాయి. ఒకావిడ నాకు ఫోన్ చేసి, "ఇంకో ఫోన్‌లో వాళ్లు లైన్‌లోనే ఉన్నారు బాబూ, ఏదో యాప్ వేసుకోమంటున్నారు, పది రూపాయలు పంపమంటున్నారు, పంపొచ్చా?" అని అడిగారు. డబ్బు పంపకుండా వెంటనే ఆ ఫోన్ పెట్టేయమన్నాను. ఆ యాప్‌తో అవతలివాళ్లకు మీ ఫోన్ తెర కనిపిస్తుంది. పది రూపాయల కోసం మీరు కొట్టే పిన్, వచ్చే ఓటీపీ అన్నీ చూస్తారు. రౌటర్ పేజీ తెరవడానికి ఎవరూ డబ్బు తీసుకోరు, ఎక్కడో కూర్చున్నవాళ్లకు మీ ఫోన్ తెరతో పనిలేదు. బిల్లు మీద ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకండి, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా మోసపోతున్నారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

నెట్ లేకపోతే రౌటర్ పేజీ రాదనుకుంటారు. వస్తుంది. ఆ పేజీ ఉండేది మీ ఇంట్లో ఆ బాక్స్‌లోనే, బయట ఎక్కడో కాదు. నెట్ పోయినప్పుడు రాకపోవడానికి ఎక్కువగా కారణం మీ ఫోనే. వైఫైలో నెట్ లేదని గమనించి అది మొబైల్ డేటాకు మారిపోతుంది, మీరు కొట్టిన నంబరును టవర్ వైపు పంపేస్తుంది. మొబైల్ డేటా ఆపండి. వీపీఎన్ ఉంటే అదీ ఆపండి. అప్పుడు కొట్టి చూడండి. ఫోన్ ఏ వైఫైలో ఉందో కూడా చూసుకోండి. గెస్ట్ వైఫైలో ఉంటే చాలా రౌటర్లు ఆ పేజీని చూడనివ్వవు.

వైఫై పాస్‌వర్డే పేజీ పాస్‌వర్డ్ అనుకుంటారు. రెండూ వేరు. పేజీది బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. అది పనిచేయకపోతే, కనెక్షన్ ఇచ్చినప్పుడు టెక్నీషియన్ మార్చి ఉంటాడు, అతన్నే అడగండి. వరసగా తప్పు కొడితే కొన్ని బాక్సులు కొన్ని నిమిషాలు తాళం వేసుకుంటాయి. అది పాడైనట్టు కాదు. టీ తాగి రండి.

"ఈ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్రగా వస్తే హ్యాక్ అయిందని భయపడతారు. మీ ఇంట్లో ఉన్న బాక్స్‌కు బయటి సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవు, అందుకని బ్రౌజర్ ఆ మాట అంటుంది. కొట్టిన నంబరు మీ గేట్‌వే నంబరే అయితే, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లొచ్చు. అదే హెచ్చరిక బ్యాంకు సైట్‌లో వస్తే మాత్రం ముందుకు వెళ్లకండి.

ఆపరేటర్ ఇచ్చిన బాక్స్ ఒకటి, మీరు కొనుక్కున్న రౌటర్ ఒకటి ఉంటే పేజీలు కూడా రెండు ఉంటాయి. రెండింటికీ ఒకే నంబరు ఉంటే ఒకటి రాదు, నెట్ కూడా తిక్కతిక్కగా ఉంటుంది. మీ రౌటర్ నంబరును 192.168.5.1 లాంటి వేరే నంబరుకు మార్చితే సరిపోతుంది.

అపోహ: మా ఇంటి రౌటర్ ఎవరికి కావాలి, అడ్మిన్-అడ్మిన్ అనే ఉంచేద్దాం

యూజర్‌నేమూ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్ అని ఉంటే, పేజీ తెరుచుకున్నాక చేయాల్సిన మొదటి పని ఆ పాస్‌వర్డ్ మార్చడం. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా తిరిగింది. దాని దగ్గర ఉన్నది అడ్మిన్-అడ్మిన్ లాంటి కంపెనీ పాస్‌వర్డుల చిట్టా. ఇళ్లలోని కెమెరాలు, రౌటర్ల మీద ఆ చిట్టానే వరసగా కొట్టి చూసి, తెరుచుకున్నవాటిని తన చేతుల్లోకి తీసుకుంది. మీ ఇల్లు ఎవరిదో అది చూడలేదు, తాళం తీసి ఉందా లేదా అన్నదే చూసింది. మార్చిన పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. మర్చిపోతే మళ్లీ పిన్నీసు దగ్గరికే వస్తారు.

కొత్త కనెక్షన్ పెట్టించుకునేవాళ్లు టెక్నీషియన్ ఇంట్లో ఉండగానే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు రాయించుకోండి. మేం హడావుడిలో చెప్పం, మీరు అడగండి. అడిగితే చెప్పాలి. పేజీలో బ్యాకప్ అని ఉంటే ఆ ఫైల్ కూడా కంప్యూటర్‌లో దాచుకోండి.

బాక్స్ మీద లాస్ (LOS) అని ఉన్నచోట ఎర్ర లైటు వెలుగుతుంటే ఇందాకటి నుంచి చెప్పినవేవీ చేయకండి. ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా వంగింది. దానికి మేం రావాల్సిందే. పసుపు వైరు ఊడదీసి కంటి దగ్గర పెట్టుకుని వెలుగు వస్తోందా అని చూడకండి. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు, కానీ కంటికి మంచిది కాదు. లైట్లన్నీ కనిపించేలా బాక్స్ ఫొటో ఒకటి తీసి, మీ కస్టమర్ నంబరుతో కలిపి వాట్సాప్‌లో పంపండి. ఆ ఫొటో చూస్తే ఏ పరికరాలు పట్టుకుని బయల్దేరాలో మాకు అర్థమవుతుంది.