పసిబిడ్డ మాడు: పుర్రె ఎందుకు ఆలస్యంగా మూసుకుంటుంది?

నెలల పిల్లల నడినెత్తిన వేలు ఆనిస్తే మెత్తగా తగులుతుంది, ఒక్కోసారి నాడి కొట్టుకోవడమూ తెలుస్తుంది. ఇళ్లలో దాన్నే మాడు అంటారు. అక్కడ ఎముక లేకపోయినా గట్టి పొర ఉంటుంది. తల దువ్వినా, నీళ్లు పోసినా ఏమీ కాదు.

పెద్దవాళ్ల పుర్రెలో 22 ఎముకలు: మెదడు చుట్టూ 8, ముఖంలో 14. పుట్టేనాటికి అవి అతుక్కుని ఉండవు. నుదుటి ఎముకైతే రెండు చెక్కలుగానే ఉంటుంది. ఆ చెక్కలూ, వాటి వెనక చెరోవైపు ఉండే ఎముకలూ కలిసే చోట మిగిలిన ఖాళీయే మాడు. కాన్పులో ఈ ఎముకలు ఒకదాని మీదికొకటి జరగబట్టే తల ఇరుకు దారిలోంచి బయటపడుతుంది. అప్పుడు సాగినట్టు కనిపించిన తల కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. గుండ్రంగా రావాలని స్నానం పోసేటప్పుడు నొక్కడం అనవసరం, ప్రమాదం కూడా.

ఏడాది తిరిగేసరికి మెదడు బరువు రెట్టింపు దాటుతుంది. దానికి చోటు ఉండాలనే పుర్రె వెంటనే మూసుకోదు. పుట్టినప్పుడు సుమారు 35 సెం.మీ. ఉండే తల చుట్టుకొలత మొదటి మూడు నెలలూ నెలకు 2 సెం.మీ. చొప్పున పెరుగుతుంది. టేపును కనుబొమల పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టి కొలవాలి. ఎముకల మధ్య అతుకులు ముందే మూసుకుపోతే తల అటువైపు పెరగలేక వంకర తిరుగుతుంది. తల వెనకవైపు ఇంకో చిన్న మాడు ఉంటుంది. అది రెండు నెలలకల్లా, ముందుది ఎక్కువమందిలో 12-18 నెలల మధ్య మూసుకుంటుంది. రెండేళ్లు దాటినా మూసుకోకపోతే రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు), థైరాయిడ్ లోపం ఉన్నాయేమో పరీక్ష చేయించాలి.

బిడ్డ ఏడవనప్పుడు, నిటారుగా ఎత్తుకుని మాడు చూడాలి. ఏడిస్తే ఎవరికైనా ఉబ్బుతుంది. విరేచనాలతో మాడు లోపలికి పోయి, నోరు ఎండి, మూత్రం తగ్గిందంటే ఒంట్లో నీరు పోయినట్టే. చాలామంది అప్పుడు మాడుకు ఆముదం అద్దుతారు. దానివల్ల పోయిన నీరు తిరిగి రాదు. తల్లిపాలు ఆపకుండా, విరేచనం అయిన ప్రతిసారీ 50-100 మి.లీ. ఓఆర్ఎస్ చెంచాతో పడుతూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

జ్వరం, వాంతులు, మగతతో పాటు మాడు ఉబ్బి బిర్రుగా ఉంటే మెదడు పొరల వాపు కావచ్చు. గంట కూడా ఆగకూడదు. లోపల నీరు చేరిందా, రక్తస్రావమైందా అన్నది ఆ మాడు మీదే అల్ట్రాసౌండ్ పరికరం ఆనించి చూస్తారు. ఎముక అడ్డు లేదు కాబట్టి పడక దగ్గరే, రేడియేషన్ లేకుండా పని అయిపోతుంది.