మైకు ముందు నవ్వు: ప్రసంగంలో హాస్యం గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖలో పదిహేనేళ్ళుగా సభల్లో మాట్లాడటం నేర్పిస్తున్నాను. కాలేజీ పిల్లలు, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్లు, నర్సింగ్ ట్యూటర్లు, రిటైరయ్యాక కాలనీ సంఘం పనులు నెత్తిన వేసుకున్న పెద్దవాళ్ళు వస్తుంటారు. మొదటి రోజే చాలామంది అడిగేది ఒకటే: "మధ్యలో కాస్త నవ్వించాలంటే ఏం చెయ్యాలండీ?" అడిగేటప్పటికే వాళ్ళ మనసులో కొన్ని నమ్మకాలు స్థిరపడిపోయి ఉంటాయి. వాటివల్ల మంచి విషయం ఉన్న ప్రసంగాలు పాడైపోవడం చూసి బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జోకుతోనే మొదలుపెట్టాలి

మీరు మైకు దగ్గరికి వచ్చేసరికి జనం ఇంకా సర్దుకోలేదు. ఒకాయన కుర్చీ లాక్కుంటున్నాడు, ఇంకొకావిడ ఫోను సైలెంట్‌లో పెడుతోంది, కొందరు వెనక ఎవరొచ్చారో తిరిగి చూస్తున్నారు. మీ గొంతు, మీ వేగం వాళ్ళ చెవులకు అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ లోపే జోకు వేస్తే కొందరికి వినపడదు, కొందరు దాన్ని పొద్దున్నే వాట్సాప్‌లో చదివేసి ఉంటారు. అది తుస్సుమన్నాక "సరే, ఇక విషయంలోకి వద్దాం" అంటే, అంతవరకూ చెప్పింది విషయం కాదని మీరే ఒప్పుకున్నట్టు.

మొదట కావాల్సింది మీరూ వాళ్ళూ ఒకే చోట ఉన్నారన్న భావన. ఒకసారి మే నెల మధ్యాహ్నం, మన ఊరి ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, ఒక లెక్చరర్ సెమినార్ హాల్లోకి వచ్చారు. జనమంతా నాలుగు గుంపులుగా ఫ్యాన్ల కింద చేరి ఉన్నారు. ఆవిడ ఒక్క క్షణం చూసి, "ఈ హాల్లో పనిచేసే ఫ్యాన్లు ఎన్నో పైకి చూడకుండానే చెప్పొచ్చు" అన్నారు. అందరూ నవ్వారు. పుస్తకంలో రాస్తే అది జోకే కాదు. కానీ అందరూ చూస్తున్నదాన్ని ఆవిడ ముందుగా పలికారు.

అపోహ: హాస్యం పుట్టుకతో రావాలి

రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, జనం మామూలుగా మాట్లాడుకుంటూ నవ్విన 1,200 సందర్భాలను గమనించి రాసి చూశాడు. నవ్వుకు ముందు వచ్చిన మాటల్లో జోకు అనదగినవి 10 నుంచి 20 శాతమే. మిగతావి "ఇక నేను బయల్దేరతాను" లాంటి సాదా మాటలు. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయన చెప్పాడు. కాబట్టి మీకు పుట్టుకతో చమత్కారం లేదని దిగులు పడకండి. ఎదుటివాళ్ళను గమనించడం వస్తే సగం పని అయినట్టే.

మిగతా సగం సాధన. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. హాస్యం చెప్పే అతను కథ ఎక్కడ బరువెక్కుతుందో చూసుకుని అక్కడ అందుకుంటాడు. అవధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశమే ఉంది. పృచ్ఛకుడు సంబంధం లేని ప్రశ్న విసిరి అవధాని ఏకాగ్రత చెదరగొట్టాలని చూస్తాడు, అవధాని అప్పటికప్పుడు చమత్కారంగా బదులిచ్చి మళ్ళీ పద్యంలోకి వెళ్ళాలి. వీళ్ళెవరికీ అది ఊరికే రాలేదు. గురువు దగ్గర, సభల్లో ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు.

అపోహ: జోకు బాగుంటే చాలు, ఎలా చెప్పినా పేలుతుంది

ఈ ఒక్క విషయం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన భాషకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. నవ్వు పుట్టించే మాట మాత్రం చాలాసార్లు క్రియ కాదు. అది మధ్యలో వచ్చేసి, దాని తర్వాత ఇంకో రెండు మూడు మాటలు ఈడ్చుకుంటూ వస్తాయి. జనం నవ్వబోయేసరికి మీరు ఇంకా మాట్లాడుతూనే ఉంటారు. మర్యాదకు వాళ్ళు నవ్వు ఆపుకుంటారు.

గాజువాక వైపు పనిచేసే ఒక సేఫ్టీ ఆఫీసరు మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవానికి ప్రసంగం రాసుకొచ్చాడు. అందులో ఒక వాక్యం: "జంక్షన్‌లో పోలీసు కనిపించగానే మనవాళ్ళు హెల్మెట్ తీసి తలకు పెట్టుకుంటారు." నిజమే, రోజూ చూసేదే. కానీ చదివితే ఎవరూ నవ్వలేదు. పోలీసు ముందే వచ్చేశాడు, ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరం కూర్చుని దాన్ని తిరగేశాం:

"మనవాళ్ళు హెల్మెట్ పెట్టుకోరని ఎవరన్నారు? పెట్టుకుంటారు." ఇక్కడ ఆగాలి. "పోలీసు కనిపించగానే."

విషయం అదే, మాటలు కూడా దాదాపు అవే. క్రియను ముందుకు జరిపి, దాచాల్సింది చివరకు తెచ్చాం. అరుగు మీద కబుర్లు చెప్పుకునేటప్పుడు మనం సహజంగా ఇలాగే మాట్లాడతాం. కాగితం మీద రాసేసరికి వ్యాకరణం గుర్తొచ్చి క్రియను చివరికి తోసేస్తాం.

రెండో శత్రువు "అని అన్నాడండీ". రుషికొండ దగ్గర బోటు ఎక్కుతూ లైఫ్ జాకెట్ వద్దన్న ఒకాయన సంగతి ఇలా చెప్పారనుకోండి: "'నాకు ఈత రాకపోతే ఏంటి, బోటుకి వచ్చు కదా' అని ఆయన అన్నాడండీ." ఆ చివరి మూడు మాటలు నవ్వు మీద నీళ్ళు చల్లుతాయి. మన అమ్మమ్మలు దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు: "ఆయనంటాడూ, 'నాకు ఈత రాకపోతే ఏంటి, బోటుకి వచ్చు కదా!'" అన్నది ఎవరో ముందే చెప్పేశాం, కాబట్టి అన్న మాటతోనే వాక్యం అయిపోయింది.

ఇక ఆగడం. నవ్వు లేస్తున్నప్పుడు మాట్లాడితే దాన్ని మీరే తుంచేసినట్టు. పూర్తిగా చల్లారేదాకా నిలబడితే హాలు ఖాళీగా అనిపిస్తుంది. నవ్వు పైకి వెళ్ళి దిగడం మొదలైనప్పుడు తర్వాతి మాట అందుకోవాలి. మన ఆఫీసరు అక్కడ అందుకున్న మాట: "పోలీసు చలానా రాస్తాడు. తల మాత్రం మనది." నవ్వుతున్న ముఖాలు అలాగే ఉండి కళ్ళు మాత్రం మారిపోవడం వెనక వరుసలో కూర్చుని చూశాను. ఆ ఒక్క మాట కోసమే ముందున్న నవ్వు.

అపోహ: ఎంత గట్టిగా నవ్వితే అంత మంచి ప్రసంగం

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలుగా విడదీశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్ళు కనపడని చిరునవ్వు స్మితం. దాన్నీ, హసితాన్నీ ఉత్తములకు చెప్పాడు. పొట్ట పట్టుకునే అతిహసితం చివరిది. మీ శ్రోతలు చిరునవ్వు నవ్వితే హాస్యం పండలేదని కంగారు పడకండి, ముఖ్యంగా పెద్దవాళ్ళ సభల్లో.

పైగా పెద్ద నవ్వు వచ్చిందంటే విషయం గుర్తుండిపోయినట్టు కాదు. 1977లో కప్లాన్, పాస్కో అనే ఇద్దరు పరిశోధకులు యూనివర్సిటీ విద్యార్థులకు రకరకాల పాఠాలు వినిపించి, ఆరు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టారు. హాస్యం ఏ అంశాన్ని వివరించడానికి వాడారో ఆ అంశం బాగా గుర్తుంది. మొత్తం పాఠం అర్థం కావడంలో మాత్రం హాస్యం వల్ల లాభం కనిపించలేదు. నాకు ఇది చాలా విలువైన సంగతి అనిపిస్తుంది. మీరు చెప్పబోయేది డెంగీ దోమ గురించయితే నవ్వు కూడా ఇంటి వెనక కొబ్బరి చిప్పలో నిలిచిన నీళ్ళ నుంచే రావాలి. పెళ్ళాం మొగుడు జోకు నుంచి వస్తే ఇంటికెళ్ళాక ఆ జోకే గుర్తుంటుంది, చిప్ప గుర్తుండదు.

అపోహ: యాస పెడితే నవ్వు గ్యారంటీ

నవ్వు వస్తుంది, నిజమే. నేను నేర్పడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక కంపెనీ శిక్షణ తరగతిలో, బ్యాంకుకి వెళ్ళిన రైతు కథ శ్రీకాకుళం యాసలో చెప్పాను. హాలు హోరెత్తింది. విరామంలో టీ అందిస్తున్న పెద్దాయన నా చేతికి కప్పు ఇస్తూ, "మా ఊరి మాట బాగానే పలికినారు బాబూ" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే క్షమాపణ అడగడానికి ఒక దారి దొరికేది. అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు, నా దగ్గర నేర్చుకునేవాళ్ళను చెయ్యనివ్వను.

విశాఖలో ఏ హాలుకి వెళ్ళినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాట వినోదం కోసం పుట్టలేదు. మీది ఆ ఊరే అయితే మీ యాసలో హాయిగా మాట్లాడండి, అది మీ గొంతు. అరువు తెచ్చుకుని వెక్కిరించడం వేరు. రంగు, లావు, కులం, పక్కవాడి ఇంగ్లిష్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని చూసి ఇప్పటికీ నవ్వుతున్నామంటే అది అతని బుకాయింపుకి. మనుషుల బుద్ధిలో ఉన్న హాస్యం ఎప్పటికీ పాతబడదు.

అపోహ: తనమీద తాను జోకు వేసుకుంటే ఎప్పుడూ సేఫ్

మీ మతిమరుపు మీదా, మీ వంట మీదా వేసుకోండి. మీ వృత్తి నైపుణ్యం మీద వద్దు. "నాకు సూది గుచ్చడం సరిగ్గా రాదు" అని నర్సు నవ్విస్తే వినేవాళ్ళకు టెన్షన్ పట్టుకుంటుంది.

అపోహ: ఎవరూ నవ్వకపోతే తప్పంతా వక్తదే

కొన్నిసార్లు కుర్చీలది. నవ్వు పక్కవాడి నుంచి అంటుకుంటుంది. మూడు వందల కుర్చీల హాల్లో అరవై మంది చెల్లాచెదురుగా కూర్చుంటే అది అంటుకోదు. నేను సభకు అరగంట ముందు వెళ్ళి వెనక వరుసలకు తాడు కట్టించి, అందర్నీ ముందుకు రప్పిస్తాను. బీచ్ రోడ్డులో ఆరుబయట సభలైతే ఇంకో ఇబ్బంది. గోడలూ కప్పూ లేవు, అలల హోరు, గాలి. జనం నవ్వినా ఆ చప్పుడు స్టేజి దాకా రాదు. కొత్తవాళ్ళు ఎవరూ నవ్వలేదనుకుని కంగారుపడి, జోకుని మళ్ళీ వివరిస్తారు. దయచేసి వివరించకండి. ముఖాలు చూసి ముందుకు వెళ్ళండి. నవ్వు రాకపోయినా మామూలు మాటగా నిలబడే వాక్యమే ఎంచుకుంటే ఈ బెంగే ఉండదు.

అపోహ: గంభీరమైన సందర్భంలో హాస్యం తగదు

ఎవరు చెబుతున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కష్టం పడినవాళ్ళకు ఆ హక్కు ఉంది, చూసినవాళ్ళకు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీద విరుచుకుపడిన రోజు ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోలేరు. కొన్నేళ్ళ తర్వాత తుపాను జాగ్రత్తల మీద ఒక అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో రిటైరైన టీచరుగారు ఒకరు మాట్లాడారు. నా దగ్గర నాలుగు రోజులు ప్రాక్టీసు చేశారు. విరిగిన తలుపు, చీకట్లో గడిపిన రాత్రులు, నీళ్ళ కోసం క్యూ, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పి, చివర ఇలా అన్నారు: "హుద్‌హుద్ మా తలుపు విరగ్గొట్టింది. లేకపోతే ఎదురింటివాళ్ళ పేరు నాకు ఇప్పటికీ తెలిసేది కాదు."

అందరూ నవ్వారు. కొందరు పక్కనున్నవాళ్ళ వైపు చూశారు. ఆ నవ్వు దిగుతుండగా ఆవిడ ఒక కాగితం తీసి, తమ బ్లాకులో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ ఫ్లాట్ నంబర్లు చదవడం మొదలుపెట్టారు. చాలామంది పెన్ను కోసం జేబులు తడుముకున్నారు.